రాత్రిపూట లేచే బీపీ

మంగళవాడలో పెద్దతిమ్మప్ప నిద్రలోనే పోయాడట. ఈ మాట పూలమ్మే ఆమె ఎవరో షేర్ ఆటోలో చెబితే, అదే ఆటోలో వస్తున్న రంగక్క చెవులు రిక్కించి విని, తమ ఊరు రాయచెర్లులో దిగీ దిగగానే కొళాయి దగ్గర పుట్టమ్మకు అప్పజెప్పింది. పుట్టమ్మ నెత్తిన బిందెతో ఇంటికొచ్చి, బిందె దించకముందే మొగుడి ముందు ఆ కబురు దించింది.

"రాత్రి రెండు రాగిముద్దలు తిన్యాడంట. చారు పోయించుకొని తాగినాడంట. నవ్వుతా పండుకొన్యాడంట. పొద్దున లేపితే కట్టె మాదిరి ఉండాడంట. ఆయప్పకి బీపీ పగులు చూస్తే బంగారు మాదిరి ఉంటాదంట, రాత్రయితే లేస్తాదంట. ఎవురికీ తెలీకుండా లేస్తాదని రంగక్క చెప్తాండాది."

నారప్ప అప్పటికి పంచె కట్టుకొని, అద్దంలో మెడ వెనక జుట్టు చూసుకునే ప్రయత్నంలో ఉన్నాడు. ఆ పొద్దు అతను అనుకున్న పనులు రెండే. పావగడ పోయి కటింగ్ చేయించుకోవాలి, వచ్చేటప్పుడు ఎండుచేపలు తెచ్చుకోవాలి. పెద్దతిమ్మప్ప కబురు వినగానే రెండూ మరిచిపోయాడు. రాత్రి తానూ రెండు ముద్దలే తిన్నాడు. చారూ తాగాడు. నవ్వినట్టు మాత్రం గుర్తులేదు.

నిజానికి నారప్ప పుట్టుకతో పిరికివాడు కాదు. ఎనిమిదెకరాల్లో శనక్కాయ వేసి, వాన వస్తుందా రాదా అని ముప్పై ఏళ్ళు ఆకాశం చూసి భయపడ్డవాడు. సోలార్ పార్కుకు భూమి కౌలుకిచ్చాక వానతో పని లేకుండా పోయింది గాని, భయపడే అలవాటు ఎక్కడికి పోతుంది? ఆకాశం వదిలేసి ఒంటి మీద పడింది. మోకాలు కలుక్కుమంటే ఒక రోజు, కడుపు గుర్రుమంటే రెండు రోజులు భయం నడిచేది. ఇప్పుడు ఏకంగా గుండె దొరికింది.

"ఆయప్పకి వయసెంత?" అన్నాడు మెల్లగా.

"నీకంటే రెండేండ్లు చిన్నోడు" అంది పుట్టమ్మ బిందె దించుతూ.

పావగడలో మంగలి అంగడి ఎదురుగానే డాక్టర్ గోపికృష్ణ కొత్తగా పెట్టిన క్లినిక్కు ఉంది. నారప్ప మంగలి వైపు చూడకుండా మెట్లెక్కాడు. డాక్టరు బీపీ చూసి, "కొంచెం ఉంది, భయపడేంత లేదు" అన్నాడు.

"ఇది పగటి లెక్క గదా సార్. నాకు రాత్రిది కావాల."

డాక్టరు కళ్ళద్దాలు తీసి అతన్ని ఒకసారి తేరిపార చూశాడు. ఇంత తెలివైన ప్రశ్న ఆ గదిలో ఎవరూ అడగలేదు కాబోలు, ఉత్సాహం వచ్చింది.

"మనిషి బీపీ పొద్దుతో పాటు నడుస్తుంది నారప్పా. తెల్లవారుజామున లేస్తుంది, పగలంతా నీతో పాటు తిరుగుతుంది, రాత్రి నిద్రలో దిగుతుంది. పదింట ఒక వంతన్నా దిగాలి. కొందరికి దిగదు. కొందరికి దిగకపోగా పెరుగుతుంది. ఇక్కడ పగలు చూస్తే ఆ సంగతి తెలియదు."

"తెలీకపోతే ఏమైతాది సార్?"

"గుండెకూ మెదడుకూ అంత మంచిది కాదు."

డాక్టర్లు 'అంత మంచిది కాదు' అంటే దాని అర్థమేమిటో నారప్పకు తెలుసు.

నర్సు సింధుశ్రీ అతని ఎడమ భుజానికి ఒక పట్టీ చుట్టింది. నడుముకు చిన్న డబ్బా తగిలించింది. రెండింటి మధ్యా ఒక రబ్బరు గొట్టం. "రేపు ఈ వేళదాకా ఇది ఒంటి మీదే ఉండాలి. పగలు అర్ధగంటకోసారి, రాత్రి గంటకోసారి దానంతట అదే బిగుసుకుంటుంది. బిగుసుకున్నప్పుడు చెయ్యి వేలాడేసి కదలకుండా ఉండాలి. స్నానం చేయొద్దు. విప్పొద్దు. విప్పితే ఏం జరిగినా మీదే పూచీ" అంది.

ఏం జరిగినా అన్నది మిషనుకో తనకో నారప్పకు అర్థం కాలేదు. అడగడానికి ధైర్యం చాలలేదు.

తిరుగు ఆటోలో డబ్బా గుర్రుమంది. నారప్ప చెయ్యి వేలాడేసి, ఊపిరి బిగబట్టి, కళ్ళు తేలేశాడు. పక్కన కూర్చున్న ఆమె బిడ్డను ఎత్తుకొని అవతలి సీట్లోకి జరిగింది. సాయంత్రం ఐదున్నరకు పార్కు కంచె పక్కగా ఒకప్పటి తన చేను చూసుకుంటూ నడుస్తుంటే డబ్బా మళ్ళీ గుర్రుమంది. నారప్ప ఉన్నచోటే దిష్టిబొమ్మలా నిలబడ్డాడు. కంచె లోపలి సెక్యూరిటీవాడికి కనబడింది ఏమిటంటే, చొక్కా కింద నుంచి గొట్టం, నడుముకు డబ్బా, అందులోంచి శబ్దం, పిలిస్తే పలకని మనిషి. వాడు ఈల ఊదాడు. ఆ ఈలకు మరో ఇద్దరు కట్టెలతో పరుగెత్తుకొచ్చారు.

"చేతులు పైకెత్తు!"

ఎత్తితే లెక్క తప్పుతుంది. ఎత్తకపోతే కట్టె దిగుతుంది. నారప్ప కుడి చెయ్యి ఒక్కటే పైకెత్తాడు. అది చూసి వాళ్ళకు ఇంకా అనుమానం వచ్చింది. పార్కు కంట్రోల్ రూములో పనిచేసే రంగక్క కొడుకు నందీష్ ఆ వేళకు డ్యూటీ దిగి వస్తూ చూశాడు కాబట్టి సరిపోయింది గాని, లేకపోతే ఆ రాత్రి బీపీ పోలీస్ స్టేషన్‌లో నమోదయ్యేది.

"మా మామ రా! అది బీపీ మిషను! యాడ బాంబు పెట్టే మొగమా అది?"

రాత్రి నారప్ప ఒక్క ముద్దే తిన్నాడు. నవ్వకుండా పడుకున్నాడు. తొలి నిద్ర పట్టే వేళకు చెయ్యి ఎవరో గట్టిగా పట్టి లాగినట్టు కల వచ్చింది. "ఎవుర్రా అది! నేను రాను! నీ దున్నపోతును ఎనక్కి తిప్పుకోపో!" అని కేక పెట్టాడు.

"మిషనయ్యా అది. పండుకో" అంది పుట్టమ్మ చీకట్లోంచి.

మరి గంటకు ఇంకోసారి కేక పెట్టాడు. ఆ తర్వాత ఏమీ గుర్తులేదు. కళ్ళు తెరిచేసరికి తెల్లవారింది. నెల రోజులుగా పట్టని నిద్ర పట్టింది. ముందు ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి ఉందని నిర్ధారించుకున్నాడు. పట్టీ భుజానికే ఉంది. గొట్టం మాత్రం నిన్న లోపలి వైపు ఉన్నది ఈ రోజు బయటి వైపు ఉంది. నిద్రలో దొర్లి ఉంటాను అనుకున్నాడు. పుట్టమ్మ ఎర్రబడ్డ కళ్ళతో పొయ్యి ఊదుతోంది. పొగ వల్ల అనుకున్నాడు.

మధ్యాహ్నం నందీష్‌ను తోడు తీసుకొని క్లినిక్కుకు పోయాడు. డాక్టరు మిషన్ని కంప్యూటరుకు తగిలించి, అందులోంచి వచ్చిన గ్రాఫు కాగితాన్ని రెండుసార్లు చూశాడు.

"పగలంతా నూట ముప్పై. సాయంత్రం ఐదున్నరకు ఒక్కసారి ఎగిరింది."

"అది సెక్యూరిటీవాళ్ళు సార్" అన్నాడు నందీష్.

"రాత్రి పదకొండు దాటాక నూట ఎనభై, నూట తొంభై. ఆరు కొట్టేసరికి మళ్ళీ నూట ముప్పై. ఇంత తేడా నేనెప్పుడూ చూడలేదు. రాత్రి నిద్ర పట్టిందా?"

"చాలా బాగా పట్టింది సార్."

డాక్టరు మొహం ఇంకా ముడుచుకుంది. "నిద్రలో ఉండి ఇంత లేచిందంటే ఆలోచించాల్సిందే. రాత్రి పడుకునే ముందు ఈ మాత్ర వేసుకో. పదిహేను రోజుల తర్వాత మళ్ళీ మిషను కట్టి చూద్దాం. భయపడకు."

భయపడకు అన్న మాట విన్నాక నారప్పకు ఇక అనుమానం మిగల్లేదు.

ఊళ్ళో ఆ కాగితం చేతులు మారింది. నందీష్ దాన్ని అరుగు మీద పరిచి వివరించాడు. "మా సోలార్ ప్లేట్ల గ్రాఫు పొద్దున లేచి, మిట్టమధ్యాన్నం కొండ మాదిరి నిలబడి, సాయంత్రానికి పండుకొంటాది. మామది సరిగ్గా తిరగేసినట్ల ఉండాది. పొద్దు మునిగినంక లేస్తాది."

రంగక్కకు అంతకంటే ఆధారం అక్కర్లేదు. "నేను అప్పుడే చెప్పినా! ఎనిమిదెకరాల ప్లేట్లు పగులంతా ఎండ తాగుతాండాయి. తాగిన ఎండ రాత్రి యాడికి పోవాల? భూమి ఎవురిదో వాని ఒంట్లోకే పోతాది!"

"నా నాలుగెకరాలూ ఇచ్చినా గదే, నాకేం గాలేదే" అన్నాడు ఎవరో ముసలాయన.

"నీకు నాలుగే గదా. నిదానంగా వస్తాది."

ఆ ముసలాయన ఆ సాయంత్రమే పావగడ పోయాడు.

మరుసటి రోజు పుట్టమ్మ అన్న హనుమంతరాయప్ప అరసికెరె నుంచి బైకు మీద వచ్చాడు. ఏ చిక్కు వచ్చినా దానికి అడ్డంగా ఒక ఉపాయం చెప్పి, అది ఫలించేదాకా ఆ ఇంట్లోనే మకాం వేయడం ఆయనకు అలవాటు. కాగితం అటూ ఇటూ తిప్పి, తొడ చరిచాడు.

"బావా, పెద్దతిమ్మప్ప ఎట్ల పోయినాడు?"

"నిద్రలో."

"నీకు ఎప్పుడు లేస్తాది?"

"రాత్రి నిద్రలో."

"మళ్ళ రాత్రి నిద్రే పోకపోతే?"

డాక్టరుకు తట్టని మాట! ఆ రోజు నుంచి నారప్ప సంసారం తలకిందులైంది. పగలు పడక, రాత్రి జాగారం. రాత్రి పన్నెండుకు ముద్ద, రెండుకు కాఫీ, నాలుగుకు మళ్ళీ కాఫీ. నారప్పకు కాపలా ఉంటానని శపథం చేసిన హనుమంతరాయప్ప తొమ్మిదికే గురక మొదలుపెట్టేవాడు. రంగక్క తోడు కూర్చోవడానికి వచ్చి, నిద్రలో పోయినవాళ్ళ కథలు ఒక్కో రాత్రికి మూడు చొప్పున చెప్పి, నాలుగోది రేపు చెబుతానని లేచి వెళ్ళిపోయేది. ఆ తర్వాత తెల్లవార్లూ మిగిలేది పుట్టమ్మ ఒక్కతే. మొగుడు తూగితే భుజం తట్టేది. తెల్లవారాక అతను పడుకుంటే, ఆమె గొర్రెలకు మేత వేసి, పేడ ఎత్తి, నీళ్ళు మోసి, వీధిలో పిల్లలు అరవకుండా కట్టె పట్టుకొని కూర్చునేది.

తొమ్మిదో రాత్రి నారప్ప దొడ్లోకి పోదామని మంచం మీద నుంచి లేచాడు. కళ్ళు తిరిగి, మేతమోపు మీద పడ్డాడు. దెబ్బ తగల్లేదు గాని ధైర్యం పూర్తిగా పోయింది. డాక్టరిచ్చిన మాత్ర మానకుండా వేసుకుంటున్నా ఇలా జరిగిందంటే, బీపీ మాత్రను కూడా మింగేసిందన్న మాట! తెల్లవారకముందే భార్యను పిలిచి, కౌలు కాగితాలు ఏ పెట్టెలో ఉన్నాయో, గొర్రెల్లో ఏది ఎవరికివ్వాలో చెప్పాడు.

"అన్నీ నాకు తెలుసులే. పెట్టింది నేనే గదా" అంది పుట్టమ్మ.

నారప్ప పడ్డాడన్న కబురు పొద్దున్నే ఆటోలెక్కింది. అరసికెరె చేరేసరికి లేవలేకపోతున్నాడు. మంగళవాడ చేరేసరికి ఇక లేవడు.

ఆ రోజు పదకొండు గంటలకు నారప్ప అరుగు మీద మంచంలో గాఢనిద్రలో ఉన్నాడు. ఎండ కంట్లో పడకుండా మొహం మీదుగా తెల్లదుప్పటి కప్పుకున్నాడు. శబ్దం వినబడకుండా చెవుల్లో దూది పెట్టుకున్నాడు. ఈగలు వాలకుండా తలదిక్కున పుట్టమ్మ నాలుగు ఊదుకడ్డీలు వెలిగించి, పెరట్లోకి పేడ ఎత్తడానికి పోయింది. సరిగ్గా అప్పుడే మంగళవాడ నుంచి ఒక టెంపో వచ్చి వాకిట్లో ఆగింది. నారప్ప పెదనాన్న కొడుకు చిన్నన్న చేతిలో బంతిపూల దండతో ముందు దిగాడు. వెనకాల తొమ్మిదిమంది.

మంచం చూశారు. దుప్పటి చూశారు. ఊదుకడ్డీలు చూశారు. ఇంకేం కావాలి?

"అయ్యో నారప్పన్నా! నిన్న మొన్న నాతో సంతలో మాట్లాడితివే!" అంటూ చిన్నన్న ఒక్క ఉదుటున వచ్చి, దుప్పటి మెడదాకా తీసి, చెవుల్లో దూది చూసి, గొల్లుమని దండ వేశాడు.

తడి పూలు మెడకు చల్లగా తగిలేసరికి నారప్పకు అదే కల. చెయ్యి పట్టుకొని రెండుసార్లు వదిలేసినవాడు ఈసారి మెడకే పాశం వేశాడు. "నేను రానన్నా గదరా!" అని అరుస్తూ లేచి కూర్చున్నాడు.

తొమ్మిదిమందీ తొమ్మిది దిక్కులకు పరుగెత్తారు. చిన్నన్న వెనక్కి నడవబోయి కుడితి తొట్టిలో కూర్చున్నాడు. టెంపో డ్రైవరు బండి స్టార్ట్ చేశాడు.

నారప్ప చూసుకున్నాడు. మెడలో దండ. తలదిక్కున పొగ. చెవుల్లో దూది, అందుకే వీధంతా నోళ్ళు తెరిచి ఏడుస్తున్నా ఒక్క శబ్దమూ లేదు. ఒళ్ళంతా చల్లబడింది. పెరటి వైపు నుంచి పేడతట్టతో వచ్చిన పుట్టమ్మ కనబడింది. ఆఖరిసారి చూస్తున్నట్టు చూశాడు.

"పుట్టీ, నేను పోతినా?"

"యాడికి పోతావు, ఈడే ఉండావు" అంది పుట్టమ్మ. ఆ మాట అంటూనే తట్ట జారవిడిచి, అరుగు స్తంభం పట్టుకొని, మెల్లగా కిందికి జారి కూర్చుంది. "తలకాయి పగిలిపోతాండాది. ఏమీ కనపల్యా" అంది. ఆమె మాట ఎవరూ వినలేదు. అందరూ దండ వేసుకున్నవాడి చుట్టూ ఉన్నారు.

"టెంపో ఎట్లాగూ వచ్చుండాది, ఎక్కించండ్రా!" అన్నాడు హనుమంతరాయప్ప. నారప్పను టెంపోలో పరుపు వేసి పడుకోబెట్టారు. పుట్టమ్మ కింద కూర్చొని, పావగడదాకా అతని తల ఒళ్ళో పెట్టుకుంది.

డాక్టరు గోపికృష్ణ మెడలో దండతో వచ్చిన పేషంటును అంతకుముందు చూడలేదు. దండ తీయించి, పట్టీ చుట్టి, రెండుసార్లు చూశాడు. "నూట అయిదు! నీకు బీపీ ఎక్కువ కాదు నారప్పా, తక్కువైంది. కళ్ళు తిరగడం ఆ మాత్ర వల్లే. ఈ ఒంటికి ఆ మాత్ర అవసరమే లేనట్టుంది." పాత కాగితం బయటికి తీసి, రాత్రి పదకొండు దగ్గర వేలు పెట్టాడు. "ఆ రాత్రి మిషను నీ చేతికే ఉందా?"

"తల్లి మీద ఒట్టు సార్. నేను ఇప్పలేదు."

"ఆయప్ప ఇప్పలా సార్" అంది తలుపు దగ్గర గోడకు ఆనుకొని నిలబడిన పుట్టమ్మ. "నేను ఇప్పితి."

అందరూ వెనక్కి తిరిగారు.

"గంటకొకసారి ఉలిక్కిపడి కేకలు పెడ్తాంటే చూడలేక, నిద్ర పట్టినంక మెల్లగా ఇప్పి నా చేతికి కట్టుకొంటి. తెల్లారి మళ్ళ ఆయప్పకు కట్టేస్తి."

"అదెట్లా కుదురుతుందమ్మా!" డాక్టరు కుర్చీలోంచి లేచాడు.

"యాల కుదరదు సార్? రేషన్ అంగడిలో మిషను మీద ఇంట్లో ఎవురు యేలు పెట్టినా బియ్యమూ రాగులూ ఇస్తారు గదా. ఒకే ఇల్లు, ఒకే కార్డు. ఇదీ అట్లే అనుకొంటి. మిషనుకు ఒక చెయ్యి కావాల, ఎవురిదైతే ఏమి?"

"ఈ మాట ఇన్నాళ్ళూ చెప్పకపోతివే!" అన్నాడు హనుమంతరాయప్ప, ఉపాయం తనదన్న సంగతి మరిచిపోయి.

"ఇప్పితే పూచీ మీదేనని నర్సమ్మ చెప్పిందంట. అడిగితే చెప్దామని ఉంటి. నన్ను ఎవురూ అడగల్యా."

డాక్టరు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి పట్టీ చుట్టాడు. గాలి నిండింది, దిగింది. మళ్ళీ చూశాడు. మిషను మీద నూట తొంభై ఆరు అని ఉంది. నారప్పకు అంకెలు చదవడం వచ్చు. ఇన్ని రోజులూ తనకోసం పడిన భయమంతా ఒక మూలకు పోయి, దాని స్థానంలో వేరే భయం వచ్చి కూర్చుంది.

"అమ్మా, ఆ రాత్రి నువ్వు అసలు నిద్రపోయావా?"

"ఆయప్ప ఊపిరి తీసుకొంటాండాడో లేదో చూడాల గదా సార్. ఆయప్పకి మోకాలు నొప్పి వచ్చినప్పటి నుంచీ చూస్తానే ఉండా."

"మోకాలు నొప్పి ఎప్పుడొచ్చింది?"

"మొన్న ఉగాదికి రెండేండ్లు."

డాక్టరు మందుచీటీ మీద నారప్ప పేరు కొట్టేసి పుట్టమ్మ పేరు రాశాడు. "మాత్రలు ఇస్తాను. మాత్రలొక్కటే చాలవు. ఈమె రాత్రిళ్ళు నిద్రపోవాలి. కంటి నిండా నిద్రపోవాలి. నారప్పా, ఆ పూచీ నీది" అన్నాడు.

నారప్ప ఆ చీటీ అందుకున్నాడు. పెళ్ళయిన ముప్పై నాలుగేళ్ళలో మొదటిసారి భార్య ముందు కింద కూర్చున్నాడు. ఇంటి మనుషులంతా వింటుండగా, గొంతు గట్టిగా చేసుకొని మాటిచ్చాడు.

"నువ్వు ఏమీ దిగులు పెట్టుకోవద్దు పుట్టీ. ఈ పొద్దు నుంచి నువ్వు పండుకో. నీ పక్కన నేను రాత్రంతా మేలుకొని కూచొంటా."

పుట్టమ్మ పట్టీ విప్పి బల్ల మీద పెట్టింది.

"నువ్వు మేలుకొంటే, నీకు తోడు ఎవురు మేలుకోవాల?"